మోటారుకి దాహమేసింది

శివరాత్రికి ముందురోజు సాయంత్రం నేను శ్రీముఖలింగంలో బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి నాన్నమ్మ పెరట్లో సంపు పక్కన గొంతుక్కూర్చుని, నడుస్తున్న మోటారు నెత్తి మీద చెంబుతో నీళ్లు పోస్తోంది.

"ఏటి సేస్తున్నావే?" అన్నాను.

"మోటారుకి దాహమేస్తంది రా. రోజూ రెండు చెంబులు పోస్తే గాని నీల్లు ఎక్కించదు. ఇయ్యేల ఐదు పోసినా ఎక్కట్నేదు."

మాది వంశధార ఒడ్డు. శివరాత్రికి జాతర, ఆ తర్వాత చక్రతీర్థ స్నానాలు. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో ఎంతమంది చుట్టాలుంటారో లెక్కపెట్టడం మానేశాం. స్నానాలు ఏటిలో అయిపోతాయి గానీ వంటకీ, గిన్నెలకీ, మిగతా అవసరాలకీ నీళ్లు ఇంట్లోనే కావాలి. ఇంట్లో మెకానికల్ థర్డ్ ఇయర్ కుర్రాడొకడు ఉన్నాడు కాబట్టి అందరూ నా వైపు చూశారు. ఫ్లూయిడ్ మెషినరీ పేపర్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ రాత్రి ఆ మార్కులు దేనికీ పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. హాస్టల్లో అడిగితే సగం మంది ఇళ్లలో ఇదే సంపు, ఇదే హాఫ్ హెచ్‌పీ మోటారు.

ముందు మా ఏర్పాటు చెప్పాలి. పొద్దున్నే కొళాయి వచ్చినప్పుడు నీళ్లు సంపులో పడతాయి. సంపు ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. అంటే 150 ఘనపుటడుగులు, దాదాపు 4,200 లీటర్లు. సంపు గట్టు మీద రెండు ఇటుకలు పేర్చి, వాటి మీద మోనోబ్లాక్ మోటారు పెట్టాం. అంటే మోటారూ పంపూ ఒకే షాఫ్టు మీద ఉండేది. దాన్నుంచి అంగుళం పైపు సంపులోకి దిగుతుంది. పైపు చివర ఫుట్‌వాల్వ్. ఇంకో పైపు మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకుకి పోతుంది. అంతా బాగుంటే అరగంట, ముప్పావుగంటలో ట్యాంకు నిండి పొర్లుతుంది. ఆ పొర్లే చప్పుడే మా ఇంట్లో ఆటోమేటిక్ స్విచ్చి.

(అమెరికాలో సంపు పంపు అంటే వేరు. న్యూజెర్సీలో ఉన్న మా బావ ఆ రాత్రే శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేసి, సంగతి విని "మీకు బేస్‌మెంటు ఎక్కడిదిరా?" అన్నాడు. వాళ్లకి ఇంటి అడుగున గొయ్యి ఉంటుంది. నేలలోంచి ఊరిన నీరు అందులో చేరితే పంపు దాన్ని బయటికి తోసేస్తుంది. 2021 సెప్టెంబరులో ఐడా తుపాను తాలూకు వానలకి అక్కడ చాలా ఇళ్ల బేస్‌మెంట్లు మునిగాయి. వాళ్ల పంపు నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి దానికి దాహం వెయ్యదు. ఫ్లోట్ స్విచ్చి ఇరుక్కుపోవడం, వాన పడేటప్పుడే కరెంటు పోవడం వాళ్ల బాధలు. అక్కడ నీళ్లు వద్దని పంపు, ఇక్కడ నీళ్లు కావాలని పంపు. పేరొక్కటే కలిసింది.)

ఇక నా ఘనకార్యం. మోటారు తిరుగుతోంది, నీళ్లు రావట్లేదు. స్పీడు తగ్గిందనిపించింది. మోటారు అనగానే మనకి తెలిసిన జబ్బు ఒకటే కదా, కండెన్సరు. సైకిలేసుకుని వెళ్లి షాపు మూసేస్తున్నవాణ్ణి బతిమాలి, పాతదాని మీద రాసున్న మైక్రోఫారడ్లే చూసి కొత్తది తెచ్చాను, బిగించాను. మోటారు ఇదివరకటిలాగే తిరిగింది. నీళ్లు ఇదివరకటిలాగే రాలేదు.

అప్పుడు మాకు ఎప్పుడూ మోటార్లు బాగుచేసే మేస్త్రీకి ఫోన్ చేశాను. పండగ కదా, ఆయన రానన్నాడు గానీ ఒక్క మాట అడిగాడు.

"బాబూ, మోటారు తిరుగుతందా?"

"తిరుగుతోంది."

"తిరిగితే ఇంక దాంతో పనేటి? కిందకి సూడు."

ఈ ఒక్క వాక్యం మా సిలబస్‌లో ఎక్కడా లేదు. ఉండాల్సింది. సంపు మోటారు పాడైందంటే మనం మోటారు వైపే చూస్తాం, ఎందుకంటే కనిపించేది అదే, చప్పుడు చేసేదీ అదే. కానీ జబ్బు చాలాసార్లు నీళ్లలో మునిగి కనిపించని చోట, పైపు అడుగున మొదలవుతుంది. మోటారు దాకా వచ్చేది దాని చివరి ఫలితం.

కండెన్సరు జబ్బు గుర్తు వేరే ఉంది. స్విచ్చి వేస్తే మోటారు తిరక్కుండా 'మ్‌మ్‌మ్' అని మూలుగుతుంది. అప్పుడు వెంటనే ఆపేసి, ప్లగ్ పీకేసి, వెనక ఫ్యాన్ కవరు మధ్యలో కనిపించే షాఫ్టు గాట్లో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పి చూడాలి. తేలిగ్గా తిరిగితే అనుమానం కండెన్సరు మీద. తిరక్కపోతే ఇంపెల్లర్ ఇరుక్కుంది. మన ఇళ్లలోని చిన్న పంపుల్లో చాలావాటికి ఇంపెల్లర్‌కీ దాని గూడుకీ మధ్య సందు చాలా తక్కువ. నాలుగు ఇసక రేణువులు చేరినా, రెండు నెలలు వాడక తుప్పు పట్టినా పట్టేస్తుంది. అటూ ఇటూ నెమ్మదిగా ఆడిస్తే చాలాసార్లు వదులుతుంది. కండెన్సరు మార్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ప్లగ్ పీకేసినా అందులో కరెంటు నిలవుంటుంది. వైర్ల కొసల్ని ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో కలిపాకే చెయ్యి పెట్టాలి. సాయంత్రం వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు కూడా ఇలాగే మూలుగుతుంది. అప్పుడు మోటారుని బలవంతపెట్టడం కంటే రాత్రి పదింటిదాకా ఆగడం మంచిది. మూలుగుతూ నిలబడ్డ మోటారు నిమిషాల్లో వైండింగ్ కాల్చుకుంటుంది.

మాది ఆ కేసు కాదు. తిరుగుతోంది, నీళ్లే లేవు. దీనికి కారణం నాన్నమ్మ అన్నదే, దాహం.

పంపు నీళ్లని పీల్చదు. మనకి అలా అనిపిస్తుంది గానీ జరిగేది అది కాదు. ఇంపెల్లర్ తన దగ్గరున్న నీళ్లని బయటికి విసిరితే అక్కడ పీడనం తగ్గుతుంది. అప్పుడు సంపులో నీళ్ల మీద కూర్చున్న వాతావరణం ఆ నీళ్లని పైపులోకి నెడుతుంది. నెట్టేది గాలి. ఆ గాలి ఎంత గట్టిగా నెట్టినా నీళ్లు 10.3 మీటర్లు దాటి ఎక్కవు. బావుల్లో పీల్చే పంపులు దాదాపు పది మీటర్ల దగ్గర ఆగిపోతున్నాయన్న సంగతి గెలీలియో 1638 నాటి పుస్తకంలో రాశాడు. 1643లో ఆయన శిష్యుడు టోరిచెల్లి పాదరసం గొట్టంతో దాని వెనకున్న లెక్క తేల్చాడు. ఆచరణలో మన మోటార్లకి ఆరేడు మీటర్లే గొప్ప. మా సంపు లోతు మీటరున్నర. కాబట్టి లోతు సమస్యే కాదు.

సమస్య ఏమిటంటే, పంపులో నీళ్ల బదులు గాలి ఉంటే విసరడానికి బరువు లేదు. గాలి నీటికంటే దాదాపు 800 రెట్లు తేలిక. 30 మీటర్ల ఎత్తుకి నీళ్లు తోయగల పంపు గాలితో నిండితే, అదే స్పీడులో తిరుగుతూ, కింద పైపులో నీటిని నాలుగు సెంటీమీటర్లు కూడా లేపలేదు. అందుకే 'గాలి పట్టింది' అంటారు. అందుకే చెంబుతో నీళ్లు పొయ్యాలి. నాన్నమ్మ పోస్తున్నది ప్రైమింగే.

అయితే ఫుట్‌వాల్వ్ బాగుంటే రోజూ పొయ్యక్కర్లేదు. ఫుట్‌వాల్వ్ అంటే జల్లెడా, దాని మీద పైకి మాత్రమే తెరుచుకునే చిన్న మూతా. మోటారు ఆగగానే మూత పడి, పైపులో నీళ్లు కిందకి జారకుండా పట్టుకుంటుంది. నాన్నమ్మ రోజూ రెండు చెంబులు పోస్తోందంటే ఆ మూత రోజూ కారుతోందన్నమాట. నేను సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా ఆవిడ పోస్తూనే ఉంది. నేను చూశాను, ఏమీ అనుకోలేదు.

గాలి ఎక్కణ్ణించి వస్తోందో పట్టుకోవడానికి మేస్త్రీ చెప్పిన పద్ధతి ఇది. మోటారు ఆపి, పైపు నిండా నీళ్లు పోసి, అరగంట వదిలెయ్. మోటారు నడుస్తున్నప్పుడు పైపు లోపల పీడనం బయటికంటే తక్కువ, అందుకే పగుళ్లున్న జాయింటు గాలి తాగుతుంది, మనకేమీ కనిపించదు. మోటారు ఆగి, పైపు నిండుగా ఉన్నప్పుడు లోపలి నీటి బరువు వల్ల అదే జాయింటు బయటికి చుక్కలు కారుస్తుంది. కాబట్టి ఆపినప్పుడు చూడాలి. జాయింటు తడిగా ఉంటే తప్పు అక్కడ. యూనియన్ బిగించడం, టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టడం, పైపు పగిలితే ఆ ముక్క కోసి సొల్యూషన్‌తో కొత్త కప్లింగ్ వెయ్యడం. జాయింట్లన్నీ పొడిగా ఉండి నీళ్లు మాత్రం దిగిపోతే తప్పు ఫుట్‌వాల్వ్‌ది. మాది రెండోది. అరగంట కూడా పట్టలేదు, పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోయాయి.

తెల్లారి యూనియన్ విప్పి పైపుని నిలువుగా పైకి లాగాం. ఫుట్‌వాల్వ్ జల్లెడ నిండా మెత్తటి ఒండ్రు. మూత కింద చిన్న గులకరాయి ఇరుక్కుని, రబ్బరు ఒకవైపు తెగిపోయింది. కొత్తది రెండు వందల్లోపే. కానీ కొళాయి నీళ్లు పడే సంపులోకి ఏటి ఒండ్రు ఎలా వచ్చింది?

నదిపక్క ఊళ్లు ఉన్నవాళ్లకి ఈపాటికి తెలిసిపోయుంటుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, ఒడిశాలో గట్టిగా వానలు పడి గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే, మా పెరట్లో భూమిలో నీరు కూడా పైకి వస్తుంది. సంపు బయట నీటిమట్టం లోపలికంటే ఎక్కువైతే, ఏ సన్న పగులున్నా నీళ్లు లోపలికే ఊరతాయి. మా సంపులో కొళాయి పైపు గోడలోకి దూరే చోట సిమెంటు వదిలేసింది. వేలు పట్టేంత సందు. వానాకాలమంతా అక్కణ్ణించి బురదనీళ్లు వచ్చి ఒండ్రు అడుగున పేరుకుంది. మేమేమో సంపు త్వరగా నిండుతోందని సంతోషించాం! ఇంకో తప్పు, ఫుట్‌వాల్వ్ అడుక్కి ఆనించి పెట్టారు. ఆఖరి చుక్క కూడా వాడుకోవాలన్న ఆశ. అడుగునుంచి అరడుగైనా ఎత్తులో ఉంటే ఈ ఒండ్రులో సగం పైపులోకి వచ్చేదే కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒండ్రు కడగడానికి సంపు ఖాళీ చెయ్యాలి, కానీ వానాకాలంలో చెయ్యకండి. మా సంపుని ఖాళీ చేసినప్పుడు బయట నాలుగడుగుల మేర నేలలో నీరుంటే, అది 120 ఘనపుటడుగుల నీటిని తొలగించినట్టు. ఆర్కిమెడిస్ లెక్కలో దాదాపు 3.4 టన్నుల బలం కిందనుంచి పైకి నెడుతుంది. అడుగు కాంక్రీటు పలచగా ఉంటే పగులుతుంది, సంపు తేలికైతే మొత్తమే పైకి లేస్తుంది. నిండుగా ఉన్నప్పుడు లోపలి నీరు దాన్ని అదిమి పట్టుకుంటుంది. కడగడానికి ఎండలు మొదలయ్యే రోజులు మంచివి.

కొత్త ఫుట్‌వాల్వ్ బిగించాం. ఇక నీళ్లు పోసి ఆన్ చెయ్యడమే. నేను చెంబు తీసుకుని కూర్చోబోతుంటే నాన్నమ్మ నా చెప్పులు తెచ్చి ముందు పడేసింది.

"ఏసుకో. ఒక్కోపాలి సురుక్కుమంటాది."

"ఏటి సురుక్కుమంటాది?"

"అదే, మోటారు. నానూ ఏసుకుంటాను గానీ ఒక్కోపాలి మర్సిపోతాను."

చెంబు కింద పెట్టేశాను. స్విచ్చి వేసి టెస్టర్‌ని మోటారు ఇనప ఒంటికి ఆనిస్తే లైటు వెలిగింది.

ఎలా జరిగిందో తర్వాత తేలింది. పంపుకీ మోటారుకీ మధ్య షాఫ్టు దగ్గర సీలు ఉంటుంది, నీళ్లు మోటారులోకి రాకుండా. ఆ సీలు చల్లబడేది పంపులో నీళ్ల వల్లే. నెలరోజులుగా మోటారు రోజూ పొద్దున్న కొంతసేపు నీళ్లు లేకుండా, గాలిలో తిరిగింది. సీలు కాలి చీలింది. నీళ్లు షాఫ్టు వెంట చుక్కచుక్కగా బేరింగు దాకా, అక్కణ్ణించి వైండింగ్ దాకా పోయాయి. గులకరాయి మూతని ఆపింది, మూత కారి గాలి పట్టింది, గాలి సీలుని కాల్చింది, సీలు తడిని లోపలికి పంపింది, తడి కరెంటుని ఒంటి మీదకి తెచ్చింది.

ఒంటి మీదకి వచ్చిన కరెంటు మనిషిని కాకుండా ఎర్తుని పట్టుకుని నేలలోకి పోవాలి. పోలేదు, ఎందుకంటే ఎర్తు వైరు లేదు. రెండేళ్ల క్రితం పాత ప్లగ్ కాలిపోతే, పెరట్లో బోర్డుకి రెండు పిన్నుల సాకెట్టే ఉందని, ఆకుపచ్చ వైరుని కత్తిరించి టేపు చుట్టి రెండు పిన్నుల ప్లగ్ బిగించిన ఇంజినీరు ఎవరో కాదు, నేనే. అప్పుడు ఫస్టియర్. మోటారు తిరిగింది కదా, అందరూ మెచ్చుకున్నారు.

'ఎంసీబీ ఉంది కదా, పడిపోతుందిలే' అనుకుంటాం. మా ఇంట్లోదానిమీద 16 ఆంపియర్లని రాసి ఉంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా కూర్చున్న మనిషి గుండె ఆగడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఎంసీబీ కాపాడేది వైర్లని, మనుషుల్ని కాదు. మనుషుల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. అది పోయిన కరెంటునీ తిరిగొచ్చిన కరెంటునీ పోలుస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందంటే, ఎక్కడో కారుతోందని కణ్ణుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. ఎర్తు ఉన్నా ఇది కావాలి. ఎర్తు గొయ్యి ఎండిపోయి దాని నిరోధం 50 ఓములైందనుకోండి, 230 వోల్టులకి పారేది 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ కదలనైనా కదలదు, మోటారు ఒళ్లు మాత్రం కరెంటుతో అలాగే ఉంటుంది.

పండగ మూడు రోజులూ మోటారు తియ్యలేదు. సంపు మూత తెరిచి చేదతో తోడుకున్నాం. తిత్లీ తుపాను రోజుల తర్వాత మళ్లీ అంత తోడలేదు. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు, సంపు నిండా నీళ్లున్నా చేదే గతి అయింది. మా గుడిలో ఉన్న పెద్ద గోలెం గురించి ఒక పెదనాన్న హాస్యమాడాడు, "దాన్నే తెచ్చి నింపుకుంటే పోయేది" అని. పండగయ్యాక మోటారు షాపుకి పోయింది. కొత్త సీలు, కొత్త బేరింగులు, వైండింగ్ ఆరబెట్టి మెగ్గర్‌తో చూశారు. కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. ఉంది. మూడు పిన్నుల ప్లగ్, మూడు కోర్ల వైరు, ఎర్తు గోతిలో బొగ్గూ ఉప్పూ, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ. దీని ఖరీదు మోటారు రిపేరంత అయింది, నాన్న ఏమీ అనలేదు.

సంపు కడగడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫుట్‌వాల్వ్ కోసం సంపులోకి దిగక్కర్లేదు, పైపుని యూనియన్ దగ్గర విప్పి లాగితే వస్తుంది. యూనియన్ లేకపోతే ముందు అది పెట్టించండి. కడగడానికి, పగులు పూడ్చడానికి దిగక తప్పదు. మూసి ఉన్న సంపులో ఒండ్రు కుళ్లితే ప్రాణవాయువు తగ్గుతుంది, విషవాయువు చేరుతుంది. దిగినవాడు పడిపోతే, వాణ్ణి తియ్యడానికి దూకిన రెండోవాడూ పడిపోతాడు. పేపర్లలో సంపు మరణాలు ఎక్కువగా జంటలుగా ఉండటానికి కారణం అదే. పాతకాలంలో నూతిలోకి లాంతరు దింపి చూసేవారు. అది ప్రాణవాయువు లేదని చెప్పగలదు గానీ విషవాయువు ఉందని చెప్పలేదు. మేము ముందురోజే మూత తీసి, రాత్రంతా అలాగే వదిలి, పొద్దున్న గంటసేపు పెడస్టల్ ఫ్యాన్‌తో గాలి కొట్టించాం. ఫ్యాన్ దూరంగా, పొడి నేల మీద. మోటారు ప్లగ్ పీకి నాన్న జేబులో పెట్టుకున్నాడు. నా నడుముకి తాడు, పైన ఇద్దరు. ఒక్కడే ఉంటే దిగొద్దు, అంతే.

సందుని సిమెంటుతో పూడ్చి, గోడలు తోమి, ఆ నీళ్లు బయట పారబోసి మళ్లీ నింపాం. తేట నీళ్లైతే వెయ్యి లీటర్లకి సుమారు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చాలు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం సంపులో పోసి, గంట ఆగాలి. బురదనీళ్లలో బ్లీచింగ్ వేస్తే బురదే దాన్ని తినేస్తుంది, కాబట్టి ముందు బురద పోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగే నిర్వహణ పెద్దదేం కాదు. వానలకి ముందు సంపు గోడలు ఒకసారి చూడటం, ఎండల్లో కడగడం, మోటారు కింద నేల పొడిగా ఉందో లేదో రోజూ ఒక చూపు. సీలు పోతే ముందు తెలిసేది అక్కడే, ఒక తడి మచ్చగా. మళ్లీ ఎప్పుడైనా నీళ్లు పొయ్యాల్సి వస్తే స్విచ్చి ఆపి, ప్లగ్ పీకి పోసి, మూత బిగించాకే వెయ్యాలి. ఒకరోజు పోస్తే పరవాలేదు, మూడో రోజు కూడా అడిగిందంటే ఫుట్‌వాల్వ్ పైకి లాగాలి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి, అది పడుతోందో లేదో చూడాలి. ఆ పని నాన్నమ్మ తీసుకుంది. ఒకటో తారీకున నాకు క్లాసులో ఉండగా ఫోన్ వస్తుంది.

"నొక్కాను రా. టక్కుమంది. ఫ్రిజ్జు కూడా ఆగిపోనాది, మీ నాన్న తిడతన్నాడు."

"మళ్లీ పైకి ఎత్తు" అంటాను.

"ఎత్తేసేను" అని పెట్టేస్తుంది.